ప్రస్థానం సంచి

మా అన్న శ్రీనివాసులు పంచాంగం చూడకుండా గడప దాటడు. జమ్మలమడుగులో సగం ఊరికి ముహూర్తాలు పెట్టేది ఆయనే. లాక్‌డౌన్‌లో జనం గుమికూడొద్దన్నప్పుడు ఫోను స్పీకర్లో పెట్టి సత్యనారాయణ వ్రతాలు కూడా చేయించాడు. అవతలివాళ్లు గంట కొట్టారో లేదో వినబడక, "కొట్టినారా? మల్లొకసారి కొట్టండి" అని ఆయన అరుస్తుంటే వంటింట్లో నాకు తల పగిలిపోయేది. మనిషి మంచివాడే. నాకు చిక్కులన్నీ మంచివాళ్లతోనే వస్తాయి.

నా పేరు కామాక్షి. తొండూరు హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున పులివెందుల బస్సెక్కి పోవడం, సాయంత్రం అదే దారిన రావడం. పెళ్లి కుదరలేదు. కుదరలేదని నేను ఏడ్చిందీ లేదు, ఏడ్చానని ఊళ్లోవాళ్లు అనుకుంటే అది వాళ్లిష్టం. వదిన పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో అన్నా నేనూ ఇద్దరమే. లహరి వచ్చాక ముగ్గురమయ్యాం.

లహరి మా చెల్లెలు ప్రజ్ఞ కూతురు. ప్రజ్ఞ, ఆమె మొగుడు సుధన్వ సింగపూర్‌లో ఉద్యోగాలు చేస్తున్నారు. పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించడానికి ఇద్దరూ వచ్చారు. పోయేటప్పుడు ప్రజ్ఞ, ఆఫీసులో ఊపిరాడటం లేదు, పిల్లను చూసుకునే ఆమె మానేసింది, ఇంకొకరు దొరికేదాకా రెండు నెలలు పెట్టుకో అక్కా అని దాన్ని నా ఒళ్లో వేసింది. అప్పటికి దానికి నడక కూడా రాలేదు. వాళ్లు అటు పోయారో లేదో ఇటు విమానాలు ఆగిపోయాయి. ఆ రెండు నెలలు సాగి సాగి రెండేళ్లకు దగ్గరపడ్డాయి. నడక, మాట, పళ్లు, మొండితనం అన్నీ దానికి మా ఇంట్లోనే వచ్చాయి.

అది నన్ను అమ్మా అంటుంది. నేను నేర్పిన మాట కాదు. పక్కింటి పిల్లలు అన్నం పెట్టే మనిషిని అమ్మా అంటుంటే విని, తనకు అన్నం పెట్టే మనిషిని తనూ అట్లాగే పిలిచింది. వాళ్లమ్మను మాత్రం ప్రజ్ఞ అంటుంది. ఫోను మోగగానే అన్న "ప్రజ్ఞ, ప్రజ్ఞ" అని ఇల్లంతా వినబడేటట్టు కేకేస్తాడు కాబట్టి, ఫోన్లో కనబడే ఆమె పేరు ప్రజ్ఞ అని దానికి బాగా తెలుసు. "ప్రజ్ఞా, ఏం చేస్తాండావు?" అని అది అడిగితే మొదట్లో మా చెల్లెలు పడీపడీ నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. "అమ్మా అనాలని చెప్పక్కా దానికి" అని ఒకటి రెండుసార్లు అడిగింది. చెప్తాలే అన్నాను. చెప్పలేదు. జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగేది నేను. అది అమ్మా అంటే ఓయ్ అని పలికేది నేను. పలికే మనిషి పక్కనే ఉండగా ఆ పిలుపు తీసి అంత దూరాన ఉన్నామెకు ఎట్లా ఇవ్వను? పోయే రోజు దగ్గరపడ్డాక మెల్లగా నేర్పుదాం, దాని బుర్రకెక్కడానికే నెలలు పడుతుంది అనుకున్నాను.

పంపాలని మూడుసార్లు చూశాం. మొదటిసారి అక్కడి ప్రభుత్వం రావడానికి ఒప్పుకోలేదు. రెండోసారి ఒప్పుకుంది గానీ అప్పుడే ఇక్కడ రెండో వేవ్ వచ్చి మన దేశం వాళ్లకే తలుపులు వేసేసింది. మూడోసారి సుధన్వ తనే వచ్చి తీసుకుపోతానని టికెట్టు కొన్నాడు. వాళ్ల ఆఫీసులో ఎవరికో కరోనా వచ్చి, ఇతన్ని కూడా గదిలో పెట్టి గొళ్లెం వేశారు. ప్రతిసారీ నేను దాని బట్టలు సర్దడం, ప్రతిసారీ తీసి మళ్లీ బీరువాలో పెట్టడం. మూడోసారికి సగం గౌన్లు చిన్నవైపోయాయి.

ఆ ఏడాది చివర్లో కొత్త దారి తెరిచారు. రెండు డోసులూ వేయించుకున్నవాళ్లకు చెన్నై నుంచి ప్రత్యేకంగా కొన్ని విమానాలు. పిల్లకు తోడుగా డోసులు పడిన పెద్దమనిషి ఒకరు ఉంటే చాలు. ప్రజ్ఞ వద్దామంటే, వస్తే తిరిగి ఉద్యోగంలోకి రానిస్తారన్న నమ్మకం లేదు. అన్నకు పాస్‌పోర్టు లేదు, డోసు వేయించుకోవడానికి ఆయనకు మంచిరోజు ఇంకా దొరకలేదు. నాకు రెండూ ఉన్నాయి. పాస్‌పోర్టు ప్రజ్ఞ పురుడు పోయడానికని తీయించుకున్నది. అప్పుడు నాకు బదులు వాళ్ల అత్తగారు విమానమెక్కింది, నాది బీరువాలో పడి ఉంది. కాబట్టి పిల్లను తీసుకుపోయి అప్పగించి రావాల్సిన పని నామీద పడింది.

సర్కారు టీచరు దేశం దాటాలంటే పర్మిషన్ కావాలి. దానికోసం స్కూలు అయ్యాక పులివెందులకు పోయి ఆఫీసు చుట్టూ తిరిగాను. సెలవు పెట్టిన రోజైతే లహరిని చంకనేసుకుని పోయాను. అక్కడ ఆదినారాయణ అని ఒక క్లర్కు, కాగితం నాలుగువైపులా తిప్పి చూసి, "బిడ్డకు మీరేమైతారు మేడమ్?" అన్నాడు.

"ఆడ రాసినా. చూడండప్పా," అన్నాను.

"నోటితో చెప్తే ఏమైతాది?"

"నోటితో చెప్పేదానికైతే కాగితం ఎందుకు అడిగినారు?"

ఆయన చదువుకుని, నన్నూ పిల్లనూ మార్చి మార్చి చూసి, ముద్ర వేశాడు. కాగితంలో పెదతల్లి అని రాశాను. రాయడానికి నాకేం నొప్పి లేదు. లహరి వినేటట్టు అనడమే నాకు చేతకాలేదు. ఆ పక్కనే నెట్ సెంటర్లో కూర్చుని నా డోసుల సర్టిఫికెట్లో పాస్‌పోర్టు నంబరు ఎక్కించుకున్నాను. వీసా వచ్చింది, పర్మిట్ వచ్చింది, శనివారం సాయంత్రం చెన్నైలో విమానం అని టికెట్టు వచ్చింది.

శనివారం అనగానే అన్న మొహం మాడిపోయింది.

"శనివారం తూర్పుకు వారశూల. మనకు చెన్నై తూర్పే గదా. ఎట్ల పోతారు?"

"విమానమోళ్లకు శూల లేదన్నా. వాళ్లు ఏ రోజైనా పోతారు."

"మూడుసార్లు ఏమాయె? నా మాట వినకనే గదా?"

మూడుసార్లూ ఆయన మాట విన్నాం. ఆ సంగతి గుర్తుచేస్తే ఇంకో గంట వాదన. శూలకు ఆయన దగ్గర విరుగుడు ఉంది. బయల్దేరే రోజు బాగలేకపోతే, అంతకుముందే మంచి ఘడియలో పోయేవాళ్ల వస్తువొకటి ఇంట్లోంచి తీసుకుపోయి, పోవాల్సిన దిక్కున ఇంకొకరి ఇంట్లో పెడతారు. దాంతో మనిషి అప్పుడే బయల్దేరినట్టు లెక్క. పోయే రోజు దారిలో దాన్ని తీసుకుని అటునుంచి అటే పోవాలి. ప్రస్థానం పెట్టడం అంటారు. మామూలుగా ఒక జత బట్టలు గానీ గుప్పెడు బియ్యం గానీ మూటగట్టి పెడతారు. పోనీలే, గుప్పెడు బియ్యంతో పోయేదేముంది అని సరేనన్నాను.

బుధవారం నేను తొండూరులో ఉండగా అన్న ఆ పని కానిచ్చేశాడు. ప్రొద్దుటూరులో మా చిన్నమ్మ కూతురు స్వర్ణలత ఉంది. మాకు ప్రొద్దుటూరు సరిగ్గా తూర్పు. పసుపు రాసిన సంచి పట్టుకుని బస్సులో పోయి, ఆమె దేవుడి గూట్లో పెట్టి వచ్చాడు. సాయంత్రం నేను ఇంటికొచ్చి కాగితాలన్నీ ఒకచోట సర్దుకుందామని బీరువా తీస్తే పాస్‌పోర్టులు లేవు.

"అన్నా, పాస్‌పోర్టులు యాడ?"

"ప్రస్థానంలో పెట్టినా."

"ఏంది?"

"కూర్చో, చెప్తా. పోయినసారి బట్టలు పెడితి గదా. ఏమాయె? ఆగిపాయె. ఎందుకు? బట్టలు లేకున్నా మనిషి పోతాది. అందుకే ఫలం రాలే. పూర్వం రాజులు ప్రస్థానం పెడితే కత్తి పెడతాండ్రి. కత్తి లేందే రాజు కదలడు గాబట్టి. ఇప్పుడు విమానం ఎక్కేవాళ్లకు ఏది లేకపోతే కదిలేదానికి లేదు? నువ్వే చెప్పు."

ఇన్నేళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ తర్కంలో ఎక్కడ పట్టుకుని లాగాలో అర్థం కాలేదు. ప్రజ్ఞకు ఫోను చేసి, మీ అన్న చేసిన ఘనకార్యం విను అన్నాను. ఇంజినీరింగ్ చదివిన పిల్ల కదా, నాలుగు తిడుతుందనుకున్నాను.

"పోనీలే అక్కా, అన్న చెప్పినట్టే కానీ," అంది. "ఈసారికి ఎవురేం చెప్తే అది చేస్తా నేను."

"స్వర్ణలత ఇల్లు దారిలోనే గదా," అని అన్న పక్కనుంచి అందుకున్నాడు. "శనివారం తెల్లారి కారు ఆడ ఆపి, సంచి తీసుకోని, తిరిగి చూడకుండా పోండి. శుక్రవారం టెస్టుకు పోయినప్పుడు కూడా దాన్ని ముట్టుకోవద్దు."

గురువారం సుధన్వ ఫోను చేశాడు. "వదినా, ఆ కొత్త రకం వైరస్ భయానికి ఈ విమానాలకు ఇంక టికెట్లు అమ్మరంట. ముందే కొన్నవాళ్లు మాత్రం పోవచ్చు. మనది ఉంది కాబట్టి సరిపోయింది. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు," అన్నాడు. పెద్దగా మాట్లాడని మనిషి, అంత పొడుగు చెప్పాడంటే భయపడుతున్నాడని తెలిసింది.

శుక్రవారం పొద్దున నేనూ లహరీ ప్రొద్దుటూరులో ల్యాబ్‌కు పోయాం. విమానం ఎక్కే ముందు చేయించే టెస్టు, సాయంత్రానికి రిపోర్టు ఫోనుకు పంపుతామన్నారు. పాస్‌పోర్టు నంబర్లు అడిగితే ఫోన్లో ఫోటోలు చూపించాను. ముక్కులో పుల్ల పెట్టేసరికి లహరి ల్యాబ్ కప్పు లేచిపోయేటట్టు ఏడ్చింది. చాక్లెట్ ఇచ్చి ఊరుకోబెడుతుంటే స్వర్ణలత ఫోను.

"అక్కా, మా సందు మూసేసినారు," అంది.

"ఎవురు మూసినారు?"

"ఆరోగ్యం వాళ్లు. మా మేడ మీద అద్దెకుండే పిల్లోడు లండన్ నుంచి వచ్చినాడు గదా, వానికి పాజిటివ్ అంట. అది ఆ కొత్త రకం అవునో కాదో చూసేదానికి హైదరాబాదుకు పంపినారంట. రిపోర్టు వచ్చేదాకా మా ఇంట్లోంచి మనిషి కాదు గదా, గిన్నె కూడా బయటికి పోగూడదంట. వారమో, పది రోజులో. నిన్న సాయంత్రమే అన్నకు చెప్తి. నీకు చెప్పలేదా?"

అన్నకు ఫోను చేశాను. రాత్రంతా జపం చేసినానని, పొద్దుటికి సర్దుకుంటుందని అనుకున్నానని చెప్పాడు. నాకొచ్చిన కోపానికి అక్కడే ఫోను నేలకేసి కొట్టేదాన్ని. కొడితే ఇంకోటి కొనుక్కోవాలి కాబట్టి పెట్టేశాను.

ఆటోలో స్వర్ణలత వాళ్ల సందుకు పోయాం. మొదట్లోనే రెండు వెదుర్లు అడ్డంగా కట్టి, కింద బ్లీచింగ్ చల్లారు. ముందు కుర్చీలో ఒకామె కూర్చుని ఉంది, వార్డు నర్సు. మెడలో కార్డు మీద మైమూన్ అని ఉంది. నేను టీచర్నని, మూడో ఇంట్లో నా సంచి ఉందని, అందులో పాస్‌పోర్టులు ఉన్నాయని, రేపే ప్రయాణమని చెప్పాను. ఆమె శాంతంగానే విన్నది.

"ఎవురివి మేడమ్ పాస్‌పోర్టులు?"

"నాది, పాపది."

"మీ పాపనా?"

లహరి నా మెడ కావలించుకుని ఉంది. "ఊఁ," అన్నాను.

"పాపకు ఏమన్నా ఆపరేషనా? మీకేమన్నా ఆడ కొత్త ఉద్యోగమా?"

"అట్లాంటిదేం లేదు."

"మరి ఏం తొందర మేడమ్? తల్లీ బిడ్డా ఒకచోటే ఉండారు. నెల ఆలస్యమైతే ఏం మునిగిపోతాది?" అంది. "ఇదే సందులో పెండ్లి నిలిపినా నిన్న. వాళ్లు తిట్టిన తిట్లు మీరు వినలే. ఇంట్లోంచి వస్తువు బయటికిస్తే రేపు నా ఉద్యోగం పోతాది. మీకు తెలీంది ఏముంది, మీరూ సర్కారు మనిషే."

అమ్మా, దాహం, అంది లహరి. బాటిల్ మూత తీసి తాగించాను. మైమూన్ చెప్పిన దాంట్లో తప్పు పట్టాల్సిందేం లేదు. ఎవరైనా అంతే చెబుతారు. నేను వెనక్కి తిరిగాను.

ఉన్నమాట చెబుతున్నాను, ఆ రెండు నిమిషాలు నాకు ప్రాణం హాయిగా ఉంది. నేను చేయగలిగింది చేశాను. ఆఫీసుల చుట్టూ తిరిగాను, డోసులు వేయించుకున్నాను, ముక్కులో పుల్లలు పెట్టించుకున్నాను. తప్పు మా అన్నది, రోగం లండన్ పిల్లోడిది, రూలు సర్కారుది. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేరు. ఇంటికి పోయి దాని గౌన్లు మళ్లీ బీరువాలో పెట్టేస్తాను. జనవరిలో మా ఊళ్లో ప్లే స్కూలు తెరుస్తారంటున్నారు, చేర్పిస్తాను. ఆటోలో కూర్చునేలోపు స్కూలు బ్యాగు రంగు కూడా అనుకునేశాను.

అప్పుడు ప్రజ్ఞ వీడియో కాల్ చేసింది. లహరి అలవాటుగా నా చేతిలోంచి లాక్కుంది.

"ప్రజ్ఞా, నా ముక్కులో పుల్ల పెట్టినారు," అంది.

"అయ్యో, నొప్పాయెనా?" అంది ప్రజ్ఞ. వంటగదిలో ఉన్నట్టుంది, వెనక కుక్కర్ శబ్దం. "లహరీ, రేపు రాత్రికి ఈడికి వస్తావు గదా. ఏం చేయమంటావు నీకు? పప్పన్నం తింటావా, పెరుగన్నమా? టమాటా వేస్తే తింటావా?"

ఇంటికొచ్చే చుట్టాన్ని అడిగినట్టు అడుగుతోంది. కన్నబిడ్డ టమాటా తింటుందో లేదో తెలియదు ప్రజ్ఞకు. అడగడానికి మొహమాటపడుతూ కూడా ఉంది.

"అమ్మనడుగు," అంది లహరి.

ప్రజ్ఞ వెనక్కి తిరిగి స్టవ్ ఆర్పింది. మళ్లీ ఇటు తిరిగి చాలా మామూలుగా, "సరే. ఫోను అమ్మకియ్యి," అంది.

వేరే ఎట్లా చెప్పినా పిల్లకు అర్థం కాదు, అందుకే అట్లా చెప్పింది. చెప్పడానికి దానికెంత కష్టమైందో నాకు తెలుసు, మా చెల్లెల్ని కూడా ఎత్తుకుని పెంచినదాన్ని నేనే. నా తర్వాత పన్నెండేళ్లకు పుట్టింది. ఫోను తీసుకున్నాను.

"టమాటా పడతాదా అక్కా దానికి?"

"పడతాది. తొక్క తీసి వెయ్యి. కారం తగ్గించు."

"అంతా బాగుంది గదా? బయల్దేరినట్టే గదా?"

"బయల్దేరినట్టే," అని పెట్టేశాను.

ఆటో అతను హ్యాండిల్ పట్టుకుని జమ్మలమడుగు బస్సుకేనా అన్నాడు. ఆగమని చెప్పి, లహరిని దించి, చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ మళ్లీ వెదుర్ల దగ్గరకు పోయాను. ఎత్తుకోమని అది ఏడుపు మొహం పెట్టింది. ఎత్తుకుంటే నా నోట మాట రాదు, అందుకే ఎత్తుకోలేదు.

"ఏంది మేడమ్, మల్లొస్తిరి?" అంది మైమూన్.

"ఇందాక నేను అబద్ధం చెప్పినా," అన్నాను. "ఈ పాప తల్లిని నేను కాదు."

ఆమె కుర్చీలోంచి లేచింది. లహరి తలెత్తి నన్ను చూస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. నేను కిందికి చూడలేదు.

"మా చెల్లెలు దీని తల్లి. సింగపూర్‌లో ఉంది. నేను పెద్దమ్మను. దీనికి నడక రాకముందు నాకాడ ఇడిచిపెట్టి పోయింది. దార్లన్నీ మూసేస్తిరి. పిల్ల నడిచేది, మాట్లాడేది వాళ్లమ్మ ఒక్కసారి కూడా దగ్గరుండి చూడలేదు. రేపటి విమానం పోతే ఇంగ టికెట్లు లేవు. నువ్వు తల్లీ బిడ్డా ఒకచోటే ఉండారంటివి గదా. లేరమ్మా. అందుకే తొందర."

"పాప మిమ్మల్నే అమ్మా అనె?"

"అంటాది. దానికి తెలీదు."

మైమూన్ లహరిని చూసి, నన్ను చూసి, "మొదలే చెప్తే ఏం పోయె మేడమ్?" అని విసుక్కుంది. ఫోను తీసి పక్కకు పోయి వాళ్ల డాక్టరుతో మాట్లాడింది. "తల్లి ఆడ, బిడ్డ ఈడ సార్. రెండేండ్లంట... సంచి ఒకటే సార్, మనిషి గాదు... ఆఁ, స్ప్రే కొట్టే ఇస్తా," అనడం వినబడింది. తర్వాత నీలం రంగు గౌను, గ్లౌజులు తొడుక్కుని వెదుర్ల కింద దూరి లోపలికి పోయింది.

స్వర్ణలత మిద్దె మీద నుంచి తాడు కట్టి సంచి కిందికి దించింది. "కామాక్షక్కా, చేతికి ఇయ్యగూడదంట, నేల మీద పెడితే నువ్వే తీసుకోవాలంట. అన్న చెప్పినాడు," అని పైనుంచి అరిచింది. ఆ పరిస్థితిలో కూడా ఆయన ఆమెకు ఫోన్లో శాస్త్రం చెప్పాడన్నమాట. మైమూన్ సంచి విప్పి, ప్లాస్టిక్ కవర్లో ఉన్న పాస్‌పోర్టులు బయటికి తీసి, కవరు నిండా మందు కొట్టి, వెదుర్ల ఇవతల నేల మీద పెట్టింది. బియ్యం, పసుపు కొమ్ము సంచిలోనే ఉండిపోయాయి. వాటిని ఇవ్వనంది, నేను అడగలేదు. థాంక్స్ అంటే, "పోండి మేడమ్ ఇంగ, ఎవురన్నా చూస్తే నాకు తిట్లు," అంది.

ఆటోలో లహరి నా ఒళ్లో కూర్చోలేదు. పక్కన కూర్చుని కాళ్లు ఊపుతోంది. కాసేపటికి, "నువ్వు అమ్మ గాదా?" అంది.

"కాదు."

"ఎవురు మల్ల?"

"పెద్దమ్మను."

"అమ్మ ఎవురు?"

"ప్రజ్ఞ. ఫోన్లో కనబడుతుంది గదా. మనం రేపు పోయేది ఆమె కాడికే."

"ప్రజ్ఞ అమ్మ," అంది అది, కొత్త బొమ్మ పేరు చెప్పుకున్నట్టు. ఇప్పుడు ఏడుస్తుందని చూశాను. ఏడవలేదు. బయట రోడ్డు మీద పోతున్న ఎద్దులబండిని చూపించి, దానికి రెండెద్దులు ఎందుకని అడిగింది. చెప్పాను. ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

పాస్‌పోర్టులు దొరికాయని అన్నకు ఫోను చేస్తే, "చూసినావా, ప్రస్థానం ఫలించె," అన్నాడు. ఇంటికొస్తున్నా అంటే, ప్రస్థానం ఎత్తినాక గడప తొక్కగూడదు, ప్రొద్దుటూరులోనే ఉండండి, పెట్టెలు నేనే తెస్తా అన్నాడు. వాదించే ఓపిక లేక బస్టాండులోనే కూర్చున్నాం. లహరికి ఇడ్లీ పెట్టించాను. రోజూ లాగే చట్నీ వద్దంది, రోజూ లాగే సగం నా కొంగుకు తుడిచింది.

పొద్దు వాలుతుండగా జమ్మలమడుగు బస్సులోంచి అన్న రెండు పెట్టెలతో దిగాడు. లహరి నా చెయ్యి విడిపించుకుని ఆయన దగ్గరకు పరుగెత్తింది. పంచె పట్టుకుని గుంజుతూ నా మీద ఫిర్యాదు చెప్పింది.

"మామా, పెద్దమ్మ నన్ను ఎత్తుకోలే. ఎండలో నడిపించింది."

అన్న పెట్టెలు కింద పెట్టి నావైపు చూశాడు. "పెద్దమ్మ అంటాంది. ఎవురు చెప్పినారు?"

"నేనే," అన్నాను.

"మా పెద్దమ్మ చెప్పింది," అని అది కూడా సాక్ష్యం చెప్పింది. ఆ మాట దాని నోట ఎక్కడా తట్టుకోలేదు, పుట్టినప్పటి నుంచీ అంటున్నట్టే అంది. నెలలు పడుతుందని నేను ఇన్నాళ్లూ వాయిదా వేసిన పనికి దానికి ఒక ఆటో ప్రయాణం పట్టింది.

రిపోర్టు వచ్చిందా, ఏమన్నా తిన్నారా అని అన్న ఏదేదో అడుగుతున్నాడు. ఇద్దరికీ నెగటివ్ వచ్చిన రిపోర్టు చూసుకొమ్మని ఫోను ఆయన చేతిలో పెట్టాను. నా బిడ్డను నేనే నోటితో ఇచ్చేశాను, అది తిరిగి చూడను కూడా లేదు. లహరి వచ్చి నా మోకాళ్లకు చుట్టుకుని ఎత్తుకోమని చేతులు చాపింది. ఎత్తుకున్నాను. మాస్కు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ప్రొద్దుటూరు బస్టాండులో అందరూ నా మొహం చూసేవాళ్లు.